అలాగేనండి అన్నవాళ్ళతో నా కోచింగ్

మా అత్తగారికి నేను చేసే పని పేరు ఇప్పటికీ నోరు తిరగదు. ఎవరైనా అడిగితే "మా కోడలు కోచింగ్ చెప్తుందండి" అంటారు. అవతలివాళ్ళు వెంటనే "ఎంసెట్‌కా అండి, నీట్‌కా?" అంటారు. "పెద్దోళ్ళకంటండి" అని ఈవిడ. "ఓహో, గ్రూప్స్‌కా" అని వాళ్ళు. ఎదురింటి తాతగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయనకైతే కోచ్ అంటే రైలు పెట్టె తప్ప ఇంకోటి లేదు. భీమవరంలో ఇంటి ముందు బోర్డు పెట్టాలనుకున్నదాన్ని అందుకే మానేశాను, పెడితే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ఫీజెంతని అడుగుతారని భయం.

నేను చేసేది ఎగ్జిక్యూటివ్ కోచింగ్. ఒక సంస్థలో పెద్ద బాధ్యతలో ఉన్న మనిషితో రెండు మూడు వారాలకోసారి గంటసేపు కూర్చుని, తను ఎక్కడ ఇరుక్కున్నాడో, కింద పనిచేసేవాళ్ళతో ఎక్కడ చెడుతోందో తనే చూసుకుని, తనే దారి వెతుక్కునేలా మాట్లాడించడం. ఏం చెయ్యాలో చెప్పేస్తే అది కన్సల్టెంటు పని. నా టైములో నేనిలా చేశానని చెప్తే మెంటరు. పాఠం చెప్తే ట్రైనరు. పాత గాయాల జోలికి వెళ్ళాల్సింది సైకాలజిస్టు. ఇదంతా మొదట్లో మా ఆయనకి వరసపెట్టి చెప్తే, ఓపిగ్గా విని, "ఇవేవీ చెయ్యకుండా కూర్చున్నందుకు డబ్బులిస్తారా?" అన్నాడు. ఇస్తారు. కానీ ఇవ్వడం మొదలవడానికి బాగా టైం పట్టింది.

మాది పాలకొల్లు. చదువయ్యాక హైదరాబాద్ వెళ్ళి పద్దెనిమిదేళ్ళు హెచ్‌ఆర్‌లో చేశాను, చివరి ఏడేళ్ళు ఒక మందుల కంపెనీలో. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని అత్తగారింటికొచ్చాం, ఆర్నెల్లనుకున్నది ఏడాది దాటింది, ఈలోగా మావయ్యగారికి పక్షవాతం వచ్చింది. 2021లో ఆఫీసు నుంచి ఇక బయల్దేరి రమ్మని మెయిల్ వచ్చేసరికి ఆయన్ని వదిలి కదిలే పరిస్థితి లేదు. రాజీనామా చేశాను. ఓ రెండు రోజులు ఏడ్చాను కూడా.

హెచ్‌ఆర్‌లో ఉండగా మా డైరెక్టర్లకి కోచ్‌లని పిలిపించేదాన్ని. వాళ్ళు గంటకి తీసుకునే డబ్బు, ఆ గంటలో వాళ్ళు మాట్లాడే నాలుగు ముక్కలు చూసి, వీళ్ళ కంటే నేనే ఎక్కువ చెప్పగలనే అనుకునేదాన్ని. నిజమే, ఎక్కువే చెప్పగలను. నా రోగమే అదని తర్వాత తెలిసింది.

ఈ పనికి ప్రభుత్వ లైసెన్సు లాంటిదేం లేదు. రేపు పొద్దున్న ఎవరైనా నేను కోచ్‌నని చెప్పుకోవచ్చు, చెప్పుకుంటున్నారు కూడా. కాస్త పెద్ద కంపెనీలు అడిగేది మాత్రం ఎక్కువగా ఐసీఎఫ్ గుర్తింపు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని, 1995లో అమెరికాలో పుట్టింది. అందులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఏసీసీ, దానికి 60 గంటల శిక్షణ, 100 గంటలు నిజంగా కోచింగ్ చేసిన అనుభవం. తర్వాతది పీసీసీ, 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. పైన ఎంసీసీ, దానికి 2500 గంటలు. నేను మొదటి మెట్టుకే పీఎఫ్ డబ్బుల్లోంచి లక్షా ఎనభై వేలు కట్టి చేరాను. ఇంట్లో మాత్రం లక్ష అని చెప్పాను.

శిక్షణంతా జూమ్‌లో, శనాదివారాలు. బెంగళూరు, పుణె, గుర్‌గావ్ వాళ్ళ మధ్యలో "సారీ అండీ, కరెంటు పోయింది" అని మళ్ళీ మళ్ళీ లోపలికొచ్చేదాన్ని నేనొక్కదాన్నే. మొదట నేర్పింది గ్రో అనే పద్ధతి, కారు రేసులు నడిపి తర్వాత ఈ రంగంలోకొచ్చిన జాన్ విట్‌మోర్ అనే ఇంగ్లీషాయన దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన మాటల్లో చెప్పాలంటే నాలుగు ప్రశ్నలు: ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నావు, ఏమేం దారులున్నాయి, అందులో ఏది చేస్తావు. కాయితం మీద చాలా సులువు. ఆ నాలుగూ అయిపోతే పనైపోయిందనుకుని, ఫారం నింపించే గుమాస్తాలాగా ఒకదాని తర్వాత ఒకటి అడిగి పారేసేదాన్ని.

అసలు కష్టం వేరే చోట ఉంది. ఎదుటి మనిషి మూడు నిమిషాలు మాట్లాడాక మనం ఒక్క ప్రశ్న అడగాలి, అది పది మాటలు దాటకూడదు అని క్లాసులో ఒక అభ్యాసం. నా ప్రశ్న ఇలా వచ్చింది: "మీరొకసారి ఆ మేనేజర్‌ని పక్కకి పిలిచి నెమ్మదిగా మాట్లాడితే బావుంటుందని మీకెప్పుడూ అనిపించలేదా?" ట్రైనరు నవ్వింది. ఇది ప్రశ్న కాదు, చివర్లో ప్రశ్నార్థకం తగిలించిన సలహా అంది.

అందులో నా తప్పు సగమే, మిగతా సగం మా ఊళ్ళది. మా వైపు సలహా చెప్పకపోతే అమర్యాద. మోకాలు నొప్పంటే ముగ్గురు మూడు నూనెలు చెప్తారు. చెరువులో రొయ్య మేత సరిగ్గా తినట్లేదని గట్టు మీద ఒక మాట అంటే చాలు, పక్క చెరువాయన, మేత డీలరు, ల్యాబు కుర్రాడు, ఆఖరికి ఏరియేటర్ రిపేరుకొచ్చిన మెకానిక్కు కూడా తలా ఒకటి చెప్పి పోతారు. అలాంటి చోట ఓ మనిషి తన కష్టం చెప్పుకుంటుంటే నోరు మూసుకుని వినడమంటే, ఈవిడకేం తెలీదు కాబోలు అనుకుంటారని నాకు లోపల బెరుగ్గా ఉండేది.

ఆ 100 గంటల్లో 75 గంటలు డబ్బు తీసుకుని చెయ్యాలి, మొత్తం మీద కనీసం ఎనిమిది మంది క్లయింట్లుండాలి. డబ్బంటే ఇంతని లేదు, ఎంతైనా పర్లేదు, వస్తువు రూపంలో ఇచ్చినా లెక్కే. నా మొదటి సంపాదన అలాగే వచ్చింది. ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం చేసే ఒకావిడ ఉన్నారు, ముప్పై మంది ఆడవాళ్ళు ఆవిడ దగ్గర పనిచేస్తారు. ఆర్డర్లు పెరిగాయి, కానీ ప్రతి డబ్బా ఆవిడ చేత్తోనే కట్టాలి, ప్రతి ఫోనూ ఆవిడే ఎత్తాలి. సెషన్ అయ్యాక ఎంతివ్వమంటారని అడిగితే నాకు నోరు పెగల్లేదు. ఆవిడే లోపలికెళ్ళి రెండు డబ్బాలు తెచ్చి చేతిలో పెట్టింది, ఒకటి బెల్లం, ఒకటి పంచదార. గంటల పట్టికలో ఫీజు గడిలో "పూతరేకులు, 2 డబ్బాలు" అని రాసుకున్నాను. డబ్బా మీద డబ్బా తెచ్చి ఇంట్లో పెడుతుంటే మా అత్తగారికి నా ఉద్యోగం మీద మొదటిసారి గౌరవం కలిగింది.

తర్వాత మెంటర్ కోచింగ్. పది గంటలు, కనీసం మూడు నెలల మీద చెయ్యాలి, మనం చేసిన సెషన్ రికార్డింగ్ ఇస్తే అనుభవమున్న కోచ్ విని ఎక్కడెక్కడ తప్పిందో చెప్తారు. నా మెంటర్ బెంగళూరావిడ, తెలుగు రాదు. నా సెషన్లేమో తెలుగులో. అంటే ప్రతి రికార్డింగూ మాట మాటకీ ఇంగ్లీషులో రాసివ్వాలి. ఇదెక్కడి చాకిరీ అని తిట్టుకున్నాను గానీ, ఈ విద్యలో నాకు వచ్చిందేదైనా ఉంటే అది ఆ చాకిరీలోంచే వచ్చింది.

ముఖ్యంగా ఒక రికార్డింగ్. అది ఎవరిదంటే, వశిష్ఠ గోదావరికి అవతల, సఖినేటిపల్లి వైపు కొబ్బరి పీచు యూనిట్ నడిపే ఒకాయనది. పేరు చెప్పకూడదు, మిగతా వివరాలు కూడా కాస్త మార్చాను. రికార్డు చేసుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. నరసాపురం దాకా బస్సులో వెళ్ళి, పంటు ఎక్కి ఏరు దాటి, అవతల ఆటో. పంటు మీద బైకుల మధ్యలో నిలబడి ఆయన్ని ఏం అడగాలో ముందే రాసుకునేదాన్ని, అలా రాసుకోవడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది, మనం ముందే రాసుకున్న ప్రశ్న చేతిలో ఉంటే ఎదుటి మనిషి చెప్పేది చెవికెక్కదు.

ఆయన సమస్య వాళ్ళ అన్నగారు. యూనిట్ ఈయనది, కష్టం ఈయనది. అన్నగారు సాయంత్రమయ్యేసరికి వచ్చి గల్లాపెట్టెలోంచి ఎంత కావాలంటే అంత తీసుకెళ్తారు, చీటీ కూడా ఉండదు. బ్యాంకులో లోను పెంచాలంటే లెక్కలు కుదరట్లేదు. అన్నగారితో మాట్లాడాలి. మూడు సెషన్లుగా మేం ఆ మాట్లాడటం దగ్గరే తిరుగుతున్నాం. నేను అడగడం, ఆయన "అలాగేనండి" అనడం, నేను సంతోషంగా ఏరు దాటి ఇంటికి రావడం.

అనువాదం పంపాను. మెంటర్ రెండు విషయాలు చెప్పింది. ఒకటి, 48 నిమిషాల సెషన్లో 27 నిమిషాలు నా గొంతే ఉంది. సిగ్గేసింది, కానీ ఊహించిందే. రెండోది నేను ఊహించలేదు. "నీ క్లయింటు పద్నాలుగు సార్లు ఎస్ అన్నాడు, మరి ఇంత ఒప్పుకున్న మనిషి ఆ పని ఎందుకు చెయ్యలేదు?" అంది.

చూస్తే నిజమే. "అలాగేనండి" వచ్చిన ప్రతి చోటా నేను ఎస్ అని రాసుకుంటూ పోయాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పద్నాలుగూ మళ్ళీ విన్నాను. పుట్టి పెరిగింది ఇక్కడే, ఆ మాట పొద్దున్న లేస్తే వంద సార్లు అంటాను, అయినా దాన్ని అప్పటిదాకా వినలేదు. ఒకటి "అలాఆగేనండి" అని సాగింది, అంటే ఇక ఆపమ్మా తల్లీ అని. ఒకటి పొట్టిగా, నా వాక్యం పూర్తవకముందే వచ్చి పడింది, అంటే ఈ విషయం వద్దు, వేరేది మాట్లాడుకుందాం. రెండు మూడు చోట్ల ముందు "ఆయ్" ఉంది, అది విన్నానని చెప్పడమే, ఒప్పుకున్నానని కాదు. ఒక దాని ముందు ఊపిరి ఒకటి గట్టిగా వదిలాడు. అది విని నాకు కడుపులో తిప్పినట్టైంది, ఎందుకంటే ఆ ఊపిరి మీదుగానే నేను తర్వాతి ప్రశ్న అడిగేశాను. పద్నాలుగింటిలో నిజంగా సరేనన్నది ఒక్కటే, అది అన్నగారి గురించి కాదు, వచ్చే సెషన్ తేదీ గురించి.

అనువాదం మొత్తం కొట్టేసి, ఒక్కో అలాగేకి పక్కన అసలు అర్థం రాసి మళ్ళీ పంపాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నేను నీకు నేర్పలేను, నువ్వే నేర్చుకోవాలి" అంది.

నేర్చుకోవడం కూడా తిన్నగా ఏం జరగలేదు. మొదట "అలాగే అంటే ఎప్పుడండి, ఎలాగండి" అని గుచ్చి అడగడం మొదలెట్టాను, స్టేషన్లో ఎస్సై అడిగినట్టుండేది. ఒకాయన రెండో సెషన్ నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. తర్వాత ఊరుకోవడం నేర్చుకున్నాను. అలాగేనండి అన్నాక నేను ఏమీ అనకుండా, కాయితాల వైపు చూడకుండా, అలా ఉండిపోవడం. ఐదు సెకన్లు, పది సెకన్లు. మా వైపు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని పది సెకన్లు మాట్లాడకపోతే ఎవరో పోయారని అర్థం. చాలా కష్టంగా ఉండేది, నాకే.

కొబ్బరి పీచాయనతో ఆ తర్వాత సెషన్లో అలా ఊరుకున్నాక, "మామూలుగా మీకు ఏదైనా కుదరదనిపిస్తే ఎలా చెప్తారండి?" అని అడిగాను. ఆయన తల గోక్కుని, "కుదరదని చెప్పమండి. కనపడటం మానేస్తామండి" అన్నారు. అని ఆయనే ఆగిపోయారు. ఎందుకంటే సరిగ్గా రెండు నెలల నుంచి అన్నగారి ఇంట్లో ఏ ఫంక్షన్‌కీ వెళ్ళకుండా ఆయన చేస్తున్నది అదే. అన్నగారు కూడా సాయంత్రాలు మాట్లాడకుండా డబ్బు తీసుకెళ్తున్నది బహుశా అందుకేనేమో అన్నారు. ఆ ముక్క నేను చెప్పలేదు, నాకు తట్టలేదు కూడా. ఆ రోజు నేను మాట్లాడింది మొత్తం కలిపి పది నిమిషాలుంటుంది. తిరుగు పంటు మీద నాకు ఎంత సంతోషంగా ఉందంటే, పక్కన మేకల్ని పట్టుకున్నాయన ఎందుకలా నవ్వుతున్నారని అడిగాడు.

పరీక్ష 2023లో హైదరాబాద్ వెళ్ళి రాశాను. ఒక్కో సందర్భం ఇచ్చి, నాలుగు జవాబుల్లో అన్నిటికంటే మంచిదేది, అన్నిటికంటే చెడ్డదేది అని రెండూ గుర్తించమన్నారు. చెడ్డది గుర్తించడం నాకు చాలా తేలిగ్గా వచ్చింది, అవన్నీ నేను చేసినవే.

సర్టిఫికెట్ వచ్చింది, క్లయింట్లు రాలేదు. లింక్డిన్‌లో రోజూ రాశాను, లైకులన్నీ హైదరాబాద్ పాత కొలీగ్స్‌వి. ఉచిత వెబినార్ పెడితే పదకొండు మంది వచ్చారు, అందులో ఆరుగురు చుట్టాలు. విజిటింగ్ కార్డులు ఐదొందలు వేయించాను, వెనకవైపు తెల్లగా ఉండటంతో ఇంట్లో పాల లెక్క రాసుకోవడానికి పనికొచ్చాయి. ఇక్కడ పెద్ద ఉద్యోగాలుండే చోట్లు లేక కాదు. రొయ్యల ప్లాంట్లున్నాయి, మేత ఫ్యాక్టరీలున్నాయి, రైస్ మిల్లులు, ఇంజనీరింగ్ కాలేజీలు, నర్సింగ్ హోములు నుంచి పెద్ద హాస్పిటళ్ళయినవి ఉన్నాయి. అన్నీ నాన్న పెట్టినవి, కొడుకు చేతికొస్తున్నవి. కానీ వాళ్ళు ఇంటర్నెట్లో వెతికి మనిషిని పెట్టుకోరు.

దారి దొరికింది ఆడిటర్ గారి దగ్గర. మా ఆయన ఫైల్ చూసే ఆడిటరు, పెద్దాయన, ఏ ఇంట్లో అన్నదమ్ములకి పడట్లేదో, ఏ మిల్లులో జీఎం మానేస్తానంటున్నాడో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. నేనేం చేస్తానో పావుగంట చెప్పాక ఆయన, "అంటే అందరూ నాకు చెప్పుకుని ఏడ్చేవన్నీ మీకు చెప్పుకుంటారు, నాకు టైం కలిసొస్తుంది" అన్నారు. ఇంతకంటే బాగా నా పని గురించి ఎవరూ చెప్పలేదు. మొదటి మూడు పెద్ద కాంట్రాక్టులూ ఆయన ద్వారానే.

అందులో ఒకటి తణుకు వైపు రైస్ మిల్లు. తండ్రి గారు నన్ను పిలిచి, మావాడు అమెరికాలో చదివొచ్చాడు, కంప్యూటర్ ముందు నుంచి లేవడు, ధాన్యం బస్తాలో చెయ్యి పెట్టి తేమ చెప్పడం రాదు, వాణ్ణి దారిలో పెట్టమ్మా అన్నారు. నేను ఒప్పుకున్నాను. అక్కడే పెద్ద తప్పు చేశాను. డబ్బిచ్చేది తండ్రి, కూర్చునేది కొడుకు, మరి నా క్లయింటెవరు? ముగ్గురం కలిసి కూర్చుని, దేని కోసం ఇది చేస్తున్నాం, ఏది ఎవరికి చెప్తాం, ఏది చెప్పం అని ముందే రాసుకోవాలి. క్లాసులో నేర్పారు, ఐసీఎఫ్ ఎనిమిది సామర్థ్యాల్లో ఒప్పందం ఒకటి. పెద్దాయన ముందు కాయితం తీసి సంతకం పెట్టమంటే బావుండదని మొహమాటపడ్డాను.

రెండో సెషన్ అయి మెట్లు దిగుతుంటే తండ్రి గారు ఎదురొచ్చారు. "ఏమన్నాడు చెల్లెమ్మా మావాడు?" అని. ఏం చెప్పను? ఆ గదిలో ఆ అబ్బాయి, నాన్న పోయేదాకా ఈ మిల్లులో నేను గుమాస్తానే అన్నాడు, అని కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఏదో నీళ్ళు నమిలాను. పైనుంచి కిటికీలోంచి ఆ అబ్బాయి మమ్మల్నిద్దర్నీ చూశాడు. మూడో సెషన్‌లో వాతావరణం, వర్షాలు, దాళ్వాకి కాలువ నీళ్ళు ఎప్పుడిస్తారు, ఇవి మాట్లాడాడు. నలభై నిమిషాలు.

అప్పుడు చేశాను చెయ్యాల్సిన పని, ఆలస్యంగా. ముగ్గురం కూర్చున్నాం. సెషన్లకి వస్తున్నాడా లేదా, ఏ లక్ష్యాల మీద పనిచేస్తున్నాం, ఇవి రెండే తండ్రి గారికి తెలుస్తాయి, లోపలి మాటలు ఆ అబ్బాయివి, చెప్పాలనుకుంటే తనే చెప్తాడు. పెద్దాయనకి కోపం వచ్చింది, డబ్బు నాదైతే మాట నాకెందుకు చెప్పరని. ఆ అబ్బాయే అన్నాడు, "డాక్టరుకి కూడా నువ్వే ఇచ్చావు నాన్నా, నా కడుపులో ఏముందో నీకు చెప్పాడా?" అని. చెప్పాడనే అన్నారు ఆయన. ముగ్గురం నవ్వేశాం, సంతకాలయ్యాయి. మరి చెల్లెమ్మనయ్యాక ఇంకో ఇబ్బంది, రెండో ఇన్వాయిస్ పంపితే డబ్బుకి బదులు పండక్కి చీర పెట్టారు. చీర కట్టుకున్నాను, ఇన్వాయిస్ మళ్ళీ పంపాను. అప్పటి నుంచి ఒప్పందం కాయితం లేకుండా ఎవరింట్లోనూ కాఫీ కూడా తాగట్లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు. మొదట సెషన్‌కి ఐదొందలు తీసుకున్నాను, ఐదొందలిచ్చిన మనిషి ఐదొందల శ్రద్ధే పెడతాడు, చివరి నిమిషంలో రాననేస్తాడు. ఇప్పుడు గంటల లెక్క చెప్పను, ఆర్నెల్ల పనికి ఇంత అని ఒకే మొత్తం, సగం ముందు. కంపెనీలు 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసి ఇస్తాయి, అది పోయిన డబ్బు కాదు గానీ ఇంటి ఖర్చులు మాత్రం దాన్ని తీసేసే లెక్కేసుకోవాలి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, 18 శాతం. నాకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. పట్టబోయిన ఏడాది, 2025 ఆగస్టులో, మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్యల ప్లాంట్లలో ఖర్చు తగ్గించమంటే మొదట తగ్గేది నాలాంటివాళ్ళమే, ఒకే నెలలో రెండు కాంట్రాక్టులు ఆగిపోయాయి. ఉన్న చెరువులన్నిటిలో వనామీ రొయ్యే వేసుకున్న రైతులాగా అయింది నా పని. ఆ తర్వాతే హాస్పిటళ్ళ వైపు, కాలేజీల వైపు తిరగడం మొదలెట్టాను.

ఒక్కసారి మాత్రం పని మధ్యలో నేనే ఆపేశాను. వ్యాపారంలో దెబ్బతిన్న ఒకాయన, లక్ష్యాలు రాసుకుందామని కూర్చుంటే, నిద్రపట్టి నెలైంది అన్నారు, నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బుతో అప్పులు తీరిపోతాయి కదండీ అని ఏదో లెక్క చెప్పినట్టు చెప్పారు. నోట్సు మూసేశాను. ఇది నా పని కాదండి, దీనికి డాక్టరున్నారు, నేను తోడొస్తాను అన్నాను. అప్పుడే ఎదురుగా కూర్చుని వాళ్ళ బావగారికి ఫోన్ చేయించాను, ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416 ఆయన ఫోన్లో సేవ్ చేశాను, సైకియాట్రిస్టు దగ్గరికి మర్నాడే వెళ్ళారు. ఇప్పుడు బావున్నారు. నా దగ్గరికి మళ్ళీ రాలేదు, రాకపోయినా పర్లేదు.

ఇక రొయ్యల ప్లాంటు మేనేజరు గారి సంగతి. సుంకాల దెబ్బకి ఆగకుండా మిగిలిన ఒకే ఒక్క ప్లాంటు కాంట్రాక్టు అది. ఆయన ఐసు మోసిన రోజుల నుంచి పైకొచ్చిన మనిషి, ఇప్పుడు ఆరొందల మంది ఆయన కింద. పని బ్రహ్మాండంగా చేస్తారు, కానీ మంచి సూపర్‌వైజర్లు ఆర్నెల్లు కూడా ఉండకుండా వెళ్ళిపోతున్నారు. ఆయన గురించి చుట్టూ ఉన్నవాళ్ళని అడిగి, పేర్లు లేకుండా ఆయనకి చెప్పడం మొదటి పని. ఏడుగురిని అడిగాను. ఏడుగురూ "చాలా మంచోరండి" అన్నారు. "కోపమొస్తుందా?" అంటే "అబ్బే". "ఇంకేమైనా మారాలా?" అంటే "ఏం లేదండి, అలాగే ఉండాలండి". మళ్ళీ అలాగే. ఎవరన్నదో పైకి చెప్పనని నేను ఎన్నిసార్లన్నా వాళ్ళకి నమ్మకం కుదరలేదు, కుదరదు కూడా, సాయంత్రం లేబర్ బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో నాకేం తెలుసు.

రెండో రోజు ప్రశ్న మార్చాను. పీలింగ్ సెక్షన్‌లో ఒక సూపర్‌వైజరమ్మ, గమ్ బూట్లు విప్పి క్లోరిన్ నీళ్ళకి నానిపోయిన చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఆయన ఎలాంటివారని అడగలేదు. "ఆయన సెలవు పెట్టిన రోజు ఇక్కడ ఎలా ఉంటుందమ్మా?" అన్నాను. ఆవిడ తలుపు వైపు చూసింది. తర్వాత నవ్వి, "ఆ రోజు టీ టైముకి టీ తాగుతామండి" అంది.

ఆ ముక్క ఎవరన్నదో తెలియకుండా ఆయనకి ఎలా చెప్పాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. అందరినీ అదే అడిగాను, తలా ఒకటి చెప్పారు, అన్నీ కలిపి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి ఐసు లారీని చూస్తూ కూర్చున్నారు. "టీ నేను ఆపలేదండి ఎప్పుడూ" అన్నారు. నేను ఊరుకున్నాను. "నేను ఫ్లోర్‌లో నిలబడితే కదలరు. నేను కదలను. కంటైనర్ వెళ్ళేదాకా నాకు ఆకలెయ్యదండి, వాళ్ళకీ వెయ్యదనుకున్నాను" అన్నారు. ఆ నెల నుంచి ఆయన తనంతట తను పెట్టుకున్న పని ఒక్కటే, పదకొండింటికీ నాలుగింటికీ ఫ్లోర్ వదిలి వెళ్ళాలి.

ఆర్నెల్లయ్యాక మొన్న మళ్ళీ అందరినీ కలిసి అడగడానికి వెళ్ళాను. అదే సూపర్‌వైజరమ్మ వచ్చింది. ఇప్పుడు టీ టైముకి తాగుతున్నారా అన్నాను.

"తాగుతున్నామండి. ఆయన కూడా కప్పు పట్టుకుని మాతోనే వచ్చి కూర్చుంటున్నారండి" అంది. నేను లోపల పొంగిపోయి నోట్సులో రాసుకుంటున్నాను. ఆవిడ గొంతు తగ్గించి, "పిల్లల సంగతులు, పెళ్ళిళ్ళ సంగతులు మాట్లాడుకునేవాళ్ళమండి ఆ పది నిమిషాలూ. ఇప్పుడు అందరం కంటైనర్ల గురించి మాట్లాడుకుంటున్నామండి" అంది.

గురువారం ఆయనతో సెషనుంది.